సంతకం పెట్టిన చెయ్యి

"ఒక్క అబద్ధం చెల్లె. ఒక్కటంటే ఒక్కటి. నీ నోరేం పడిపోదు."

అరవింద్ ఈ మాట అనడం పొద్దటి నుంచి నాలుగోసారి. వాకిట్లో మిరపకాయల రాశి ముందు కూర్చున్న తల్లి గట్టమ్మ తల ఎత్తలేదు. తాలు కాయలు ఓ పక్కకు, ఎర్రటివి ఓ పక్కకు వేస్తూనే ఉంది. ఘాటుకు ఇల్లంతా దగ్గుతోంది.

తేజస్విని గడప మీద కూర్చొని ఫోన్ చూస్తోంది. ఆ మెయిల్ నిన్న మధ్యాహ్నం వచ్చింది. మళ్ళీ మళ్ళీ తెరుస్తోంది, ఈసారన్నా ఇంకో తీరుగా కనబడుతుందేమోనని. అది అట్లనే ఉంది.

ఇంగ్లండు యూనివర్సిటీ వాళ్ళు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మర్యాదగా అడిగారు. నీకు పరిశోధనకు సీటిచ్చాం, స్కాలర్‌షిప్ ఇచ్చాం. కానీ నీ గురించి మీ సార్లు పంపిన రెండు సిఫారసు ఉత్తరాలూ ఒకే కంప్యూటర్‌లో, ఒకే పూట తయారైనట్టు కనబడుతోంది. రెండు ఫైళ్ళ లోపలా రాసినవారి పేరు దగ్గర నీ పేరే ఉంది. ఈ ఉత్తరాలు ఎవరు రాశారు? మీ సార్లతో మేం గురువారం ఫోన్లో మాట్లాడతాం. నువ్వు శుక్రవారం మధ్యాహ్నంలోగా జవాబు రాసి పంపు. అందాకా నీ సీటు ఆపి ఉంచుతున్నాం.

గురువారం అంటే ఇయ్యాల. శుక్రవారం అంటే రేపు. వాళ్ళ మధ్యాహ్నం అంటే మనకు సాయంత్రం నాలుగున్నర.

"అబద్ధం గూడ కాదే గది," అరవింద్ గొంతు తగ్గించాడు. "సారు నోటితోని చెప్పిండు, నువ్వు టైపు కొట్టినవ్. గట్ల రాయి. ఎవనిదేం పోయింది?"

"సారు చెప్పలేదన్నా."

"సంతకం సారుదే గద?"

"సారుదే."

"మరింకేంది?"

మరింకేంది అంటే ఏం చెప్తది? మన దగ్గర పై చదువుకు పోయే పిల్లల్ని ఎవర్నన్నా నిలబెట్టి అడగండి. సిఫారసు ఉత్తరం కావాలె సార్ అంటే, ఏ సారైనా ఒకటే మాట. "రాసుకరా అమ్మా, సంతకం పెడత." రాత పిల్లది, పేరు సారుది. ఆ సారు కూడా తన సారు దగ్గరికి అట్లనే రాసుకొని పోయినవాడే. ఆ సారూ అంతే. ఇది దొంగతనం అని ఈ మూడు జిల్లాల్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఇదొక మర్యాద. పెద్దమనిషి టైము తినొద్దు, అంతే.

తేజస్విని కూడా ఆ మర్యాదే పాటించింది. జనగామ నెట్ సెంటర్‌లో ఒక్క పూట కూర్చొని రెండు ఉత్తరాలు కొట్టింది. ఒకటి యూనివర్సిటీలో ఎం.ఏ. చెప్పిన జగన్మోహన్ సారు పేరు మీద. ఇంకొకటి జనగామ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పిన శ్రీలత మేడం పేరు మీద. తన గురించి తనే మంచిగ రాసుకోవాలంటే సిగ్గుతో చచ్చిపోయింది. 'చాలా తెలివైన విద్యార్థిని' అని రాసి చెరిపేసింది. 'కష్టపడే విద్యార్థిని' అని రాసి, అది ఉంచింది. రెంటిలోనూ.

ఆ రోజు యూనివర్సిటీ ఆఫీసులో జగన్మోహన్ సారు ఉత్తరం చదవనన్నా చదవలేదు. చాయ్ తాగుతూ సంతకం గీకాడు. "అరవింద్, సీలు కొట్టు" అన్నాడు. అరవింద్ సీలు కొట్టాడు. అప్‌లోడ్ చేసే లింక్ సారు ఫోన్‌కు వస్తే, ఆయన ఫోన్ తీసి ఆ పిల్ల చేతికే ఇచ్చాడు. "నువ్వే ఎక్కించుకోమ్మా, నాకివన్నీ రావు." సంతకాలైన రెండు కాగితాలూ ఆమె ఆ నెట్ సెంటర్‌లోనే, తన పేరుతో లాగిన్ అయి, ఒక్క పూట స్కాన్ చేసి ఎక్కించింది.

అరవింద్‌కు ఆ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ కొలువు. సారు ఒక్క మాట చెప్తే దొరికిన కొలువు. సారు ఇంకో మాట చెప్తే ఊడే కొలువు. ఇంట్లో ఈ సంగతి ఎవరూ పైకి అనడం లేదు. అనకపోయినా ఆ మాట మిరపఘాటు లెక్క అందరి గొంతులో ఉంది.

"రేగొండకు పోదాం పా," అన్నాడు అరవింద్. "సారు అక్కడ ఇల్లు కట్టిస్తున్నడు. మూడింటికి ఫోనొస్తదట ఆయనకు. గా లోపల ఏం చెప్పాల్నో చెప్పుమంటున్నడు."

"ఎవరికి ఎవరు చెప్పాలె?"

"నువ్వు సారుకు చెప్పాలె. నీ గురించి."

గట్టమ్మ అప్పుడు నోరు తెరిచింది. "పోయిరా బిడ్డా. ఆ గోరీల సదువు గురించి ఆయనకేం ఎరుక పాపం."

గోరీల చదువు. నర్సింహులపేట మండలమంతా దానికి పెట్టిన పేరు అదే. ఐలయ్య బిడ్డ గోరీల సదువుకు సీమకు పోతదట. తేజస్విని చదవాలనుకుంటున్నది రెండు వేల ఏండ్ల కింద గ్రీకు ఊళ్ళల్లో బతికిన బానిసల సమాధి రాళ్ళ మీది రాతలు. జనగామ మిషన్ హాస్టల్లో ఒక ముసలి ఫాదర్ సరదాకు నేర్పిన గ్రీకు అక్షరాలు ఆమెను వదిలిపెట్టలేదు. ఆయన చచ్చిపోయినా ఆమె ఆరేండ్లు ఫోన్లో, పాత పుస్తకాల్లో ఒంటరిగా నేర్చుకుంది. బానిసకు దొర పెట్టిన పేరు ఒకటుంటుంది. విడుదలైనంక చచ్చేముందు రాయి మీద చెక్కించుకున్న పేరు ఒకటుంటుంది. ఆ రెండు పేర్ల మధ్య ఏం జరిగింది అన్నది ఆమె ప్రశ్న. ఈ ప్రశ్న విని ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. ఇంగ్లండులో ఎవరో నవ్వలేదు. సీటిచ్చారు.

అదీ సంగతి. ఆ సీటు ఇప్పుడు ఒక పెద్దమనిషి జ్ఞాపకశక్తి మీద వేలాడుతోంది.

*

రేగొండకు చేరేసరికి పన్నెండు దాటింది. జగన్మోహన్ సారు ఇంటిమీద స్లాబు పోస్తున్నారు. కాంక్రీటు కలిపే మిల్లరు గరగర తిరుగుతోంది. తట్టలు చేతులు మారుతున్నాయి. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో, మెడలో తువ్వాలతో సారు. సమానత్వం మీద సభల్లో గంటసేపు ఆగకుండా మాట్లాడే మనిషి. మాట్లాడితే జనం చప్పట్లు కొడతారు. తేజస్విని కూడా కొట్టింది ఒకప్పుడు.

"రామ్మా రా. పరేషాన్ గాకు. ఇదో పెద్ద లొల్లా? తెల్లోళ్ళకు ప్రతిదీ లొల్లే." కుర్చీ చూపించాడు. అరవింద్‌కు చూపించలేదు. అరవింద్ నిలబడ్డాడు.

"నమస్తే సార్."

"చెప్పు. ఏమడుగుతరు వాళ్ళు?"

"నా పరిశోధన దేని మీదనో అడుగుతరు సార్."

"గ్రీకు గుడులు."

"కాదు సార్. సమాధులు."

"ఆఁ, సమాధులు. రాజులయి."

"బానిసలయి సార్."

మిల్లరు ఒక్క క్షణం ఆగింది. సారు ఆమె మొహం చూశాడు.

"బానిసలకు సమాధులెక్కడియమ్మా?"

"అదే నా పరిశోధన సార్."

"అట్లనా!" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మంచి టాపిక్కే మరి. ముందు చెప్పలేదేం?"

రెండేండ్లు ఆయన క్లాసులో కూర్చుంది. ఎం.ఏ. చివర్లో రాసిన చిన్న థీసిస్‌కు ఆయనే గైడు. ఆ థీసిస్ మొదటి పేజీలో ఆయన సంతకమే ఉంది.

"రాసుకోండ్రి సార్," అంది.

ఆయన మేస్త్రీ దగ్గరున్న సిమెంటు లెక్కల కాగితం తిప్పి, వెనక రాసుకున్నాడు. బానిసలు. సమాధి రాళ్ళు. రెండు పేర్లు. ఆమె చెప్తోంది, ఆయన రాస్తున్నాడు. నడుమ నడుమ "అరేయ్, కంకర ఎక్కువేస్తున్నవ్, సిమెంటు తక్కువైతంది" అని పైకి అరుస్తున్నాడు.

"బలం ఏంది నీది?"

"పొడుగు పొడుగు పనికి ఓపిక ఉన్నది సార్. అరిగిపోయిన అక్షరం దగ్గర వారం రోజులైనా కూసుంట."

"ఓపిక." రాసుకున్నాడు. "బలహీనత?"

"అది మీరు చెప్పాలె సార్."

"నాకేం కనబడలేదు. మంచి పిల్లవే. సప్పుడు చెయ్యకుండ ఉండేదానివి."

"వాళ్ళు తప్పకుండ అడుగుతరు సార్."

"మరి నువ్వే చెప్పు, రాసుకుంట."

వెనక నిలబడ్డ అరవింద్ కిసుక్కున నవ్వాడు. వెంటనే దగ్గినట్టు చేశాడు. తేజస్వినికి నవ్వు రాలేదు. తన లోపం తనే వెతికి, ఏరి, ఎదుటి మనిషి నోట్లో ముద్ద పెట్టినట్టు పెడుతోంది. ఆయన నమిలి వాళ్ళ ముందు ఉమ్మాలి. అది ఆమె గురించి సాక్ష్యం అవుతుంది.

"నాకు తెల్వదని చెప్పుడు రాదు సార్," అంది చివరికి. "అడిగేటోళ్ళు పెద్దోళ్ళయితే, తెలిసినట్టే తలూపుత. గది నా బలహీనత."

"బాగుంది. చాలా బాగుంది." రాసుకున్నాడు. ఆ మాట ఎవరి గురించి అన్నదో ఆయనకు తట్టనే లేదు.

మూడింటికి ఫోన్ వచ్చింది. సారు చెయ్యి ఎత్తగానే మిల్లరు ఆపేశారు. పైన కూలీలు తట్టలతో నిలబడిపోయారు. స్పీకర్‌లో ఒక ఆడమనిషి గొంతు, నిదానంగా, శుభ్రంగా. సారు ఇంగ్లీషు కూడా శుభ్రంగానే ఉంది. కాగితం చూస్తూ చెప్పాడు. బానిసలు. రెండు పేర్లు. ఓపిక. తలూపే అలవాటు. ఉత్తరం ఎవరు రాశారని అడిగితే ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు, ఆమెకు కనబడుతున్నట్టు. ప్రతి మాటా నాదే అన్నాడు. నేను చెప్తుంటే పిల్ల టైపు కొట్టింది, మా తరం వాళ్ళకు కంప్యూటర్లు రావు గదా అన్నాడు. ఆ గొంతు కూడా కొంచెం నవ్వింది.

ఫోన్ పెట్టేసి, పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లగాని తీరు తేజస్విని వైపు చూశాడు.

"ఎట్ల చెప్పిన?"

"మంచిగ చెప్పిండ్రు సార్."

"ఇగ నువ్వు గూడ గిదే రాయి. నా మాట, నీ మాట ఒక్కటిగుండాలె. అర్థమైందా?" తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "అరవింద్, మీ చెల్లెకు బువ్వ పెట్టియ్యి. స్లాబు కూలోళ్ళకు వండిన అన్నం ఉన్నది."

మిల్లరు మళ్ళీ మొదలైంది.

*

పరకాలలో చాయ్‌కు ఆగారు. అరవింద్ హుషారుగా ఉన్నాడు. రెండు ఇరానీ చాయ్ చెప్పాడు.

"చూసినవా? సారంటె సారే. ఎంత పెద్దగుండె. మనకేం ఆపదొచ్చినా అడ్డం నిలబడ్డడు. నువ్వేమో మొఖం గట్ల పెట్టినవ్."

"నేనేం పెట్టలే."

"పెట్టినవ్. ఆయన ముంగట గూడ పెట్టినవ్."

అప్పుడే శ్రీలత మేడం ఫోన్ చేసింది. జనగామ కాలేజీలో ఆమె పేరు చెప్తే పిల్లలకు దడ. మేడం గొంతులో ఎప్పటిలాగే తొందర.

"తేజూ, ఆ ఇంగ్లండోళ్ళు నాకు రెండింటికి ఫోన్ చేసిండ్రు. మాట్లాడిన."

"ఏమన్నరు మేడం?"

"ఉత్తరం ఎవరు రాసిండ్రని అడిగిండ్రు. ఉన్నదున్నట్టు చెప్పిన. పిల్ల రాసుకొచ్చింది, నేను చదివిన, నీ గురించి ఇంత తక్కువ రాసుకుంటవా అని తిట్టి రెండు వాక్యాలు కలిపించిన, కింద సంతకం పెట్టిన అని. మా దగ్గర అందరు సార్లు గిట్లనే చేస్తరు, అది పిల్ల తప్పు కాదు, మాది అని చెప్పిన. నీ పని గురించి ఇరవై నిమిషాలు చెప్పిన. మంచిగనే విన్నరు." మళ్ళీ తనే అడిగింది. "జగన్మోహన్ సారు గూడ గదే చెప్పిండు గద?"

తేజస్వినికి చాయ్ గ్లాసు చేతిలో కాలుతోంది. కింద పెట్టాలని తట్టలేదు.

"తేజూ?"

"వింటున్న మేడం."

"సారేం చెప్పిండు?"

బస్టాండులో హనుమకొండ బస్సు కండక్టరు అరుస్తున్నాడు. అరవింద్ చాయ్ ఊదుకుంటూ కళ్ళతోనే ఏమైంది అని అడుగుతున్నాడు.

"ప్రతి మాట ఆయనదే అని చెప్పిండు మేడం. ఇప్పుడే. గంట కింద."

మేడం గొంతులో తొందర పోయింది.

"నువ్వు ఆపలేదా?" అంది.

"నేనే నేర్పిన మేడం."

*

శుక్రవారం పొద్దున్నే రెండో మెయిల్ వచ్చింది. నాలుగు వాక్యాలు. మీ ఇద్దరు సార్లు చెప్పినవి పొసగడం లేదు. ఇప్పుడు నీ జవాబు మీదే నిర్ణయం. ఉత్తరాలు ఎవరు రాశారు, సార్లకు వాటిలో ఏముందో తెలుసా, స్పష్టంగా రాయి.

ఇల్లు రెండు ముక్కలైంది.

"మేడం యాది మర్చిందని రాయి," అన్నాడు అరవింద్. "పెద్దమనిషి, అయితది. ఆమెకు పోయేదేమున్నది? ఆమెది పర్మనెంటు కొలువు."

"నా కోసం నిజం చెప్పినామెను అబద్ధాలదాన్ని చెయ్యాల్నా?"

"మరి నీ కోసం అబద్ధం చెప్పినాయనను దొంగను చేస్తవా? ఏది పాపం?"

"ఆయన నా కోసం చెప్పలే. ఆయన కోసం చెప్పుకున్నడు."

"నా కోసం చెప్పు పోనీ!" అరవింద్ అరిచాడు. మెడలో ఐడీ కార్డు ఊగింది. సెలవులో ఇంటికొచ్చి కూడా ఆ కార్డు తీయడు. "నా కోసం ఒక్క మాట చెప్పలేవా? నీ గ్రీకు పుస్తకాలు మోసుకొచ్చింది ఎవరు? హాస్టల్ ఫీజు కట్టనీకి తిరిగింది ఎవరు? నేను డిగ్రీ మధ్యల బంజేసింది ఎవరి కోసం?"

అది నిజం. ఇంట్లో ఒకరికే చదువు వస్తుందంటే, వచ్చే పిల్లను పంపి రాని పిల్లగాడు ఆగిపోయాడు. ఎవరూ అడగలేదు, తనే ఆగాడు. అడగకుండా చేసిన త్యాగం మెడకు రాయి కట్టినట్టుంటుంది. విప్పనూ రాదు, తిట్టనూ రాదు.

ఐలయ్య అప్పుడే మిర్చి చేను నుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కొని అరుగు మీద కూర్చున్నాడు. కౌలు చేను. అంతకు ముందు పన్నెండేండ్లు ఊరి పటేలు దగ్గర పాలేరుగా జీతమున్నాడు. మనిషి మాట్లాడడం తక్కువ.

"ఏందిరా లొల్లి? సడక్ దాంక వినవస్తంది."

అరవింద్ చెప్పాడు. తనకు కావలసినట్టే చెప్పాడు. ఐలయ్య విన్నాడు.

"సారు చదవకుంటనే సంతకం పెట్టిండా?"

"ఔ బాపు," అంది తేజస్విని.

"చదువొచ్చు గద ఆయనకు?"

"మస్తు వచ్చు."

ఐలయ్య తన బొటనవేలు చూసుకున్నాడు. "పటేలు కాగితం ముంగట పెడితె నేను ముద్ర ఏసేటోన్ని. దాంట్ల ఏమున్నదో నాకు ఎరుక లేకుండె. నాకు చదువు రాదు, ఏసిన. ఆయనకొచ్చి గూడ ఏసిండు." తల ఎత్తాడు. "ఆయనకేం భయం ఉండె?"

భయం లేకపోవడమే కదా దొరతనం అంటే.

"నన్ను ఏం చెయ్యమంటవ్ బాపు?"

"నాకెట్ల ఎరుక బిడ్డా? నీకు పోయేది నాకు సమజైతలేదు, వానికి పోయేది సమజైతంది. అందుకే నన్నడగకు." లేచి పెరట్లోకి పోయాడు.

గట్టమ్మ చేతిలోని కాయలు రాశి మీదికి విసిరేసింది.

"మీ అయ్య అడగకంటడు, మీ అన్న అడుగుతడు, నువ్వేమో నిజమంటవ్! నిజం ఎవనికి గావాలె? వాని కొలువు పాయె, నీ సీటు పాయె, ఇగ ఇద్దరు నా పక్కకు కూసోండ్రి, మిరపకాయలు ఏరుండ్రి. దేవుడు మీకు చేతులిచ్చింది గందుకే!"

అరవింద్ బయటికి పోయాడు. బండి తీయలేదు, ఇంటి ముందటి బజార్లో నిలబడ్డాడు.

మూడున్నరకు తేజస్విని రాయడం మొదలుపెట్టింది. మొదట సారు పేరు లేకుండా రాసింది. చదువుకుంది. రెండు ఉత్తరాలూ నేనే రాశాను అన్నది ఒక వాక్యం. సార్లకు తెలుసా అన్న ప్రశ్న దగ్గర ఆగింది. తెలుసు అంటే తనది అబద్ధం. తెలియదు అంటే తనది దొంగతనం. నడుమ ఇంకో మాట లేదు. గ్రీకులో వెతికినా దొరకదు.

నాలుగుంపావుకు రాసింది. ఉత్తరాలు నేనే రాశాను. మా దగ్గర అందరం ఇట్లాగే రాసుకుంటాం. ఇది తప్పని నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా నాకు ఇంకో దారి లేదు. శ్రీలత మేడం చెప్పింది నిజం. జగన్మోహన్ సారు నా ఉత్తరం చదవలేదు, నా పనీ చదవలేదు. నిన్న ఆయన మీకు చెప్పిన మాటలు నేను రేగొండకు పోయి నేర్పినవి. అది మాత్రం తప్పని తెలిసే చేశాను.

పంపేసింది.

"రాసినవా?" అడిగింది గట్టమ్మ. మొహం తిప్పకుండానే.

"రాసిన అవ్వా."

"సారు పేరు?"

"రాసిన."

గట్టమ్మ మళ్ళీ కాయలు ముందుకు లాక్కుంది. తాలుది ఓ పక్కకు. ఎర్రది ఓ పక్కకు.

*

ఐదున్నరకు అరవింద్ ఫోన్ మోగింది. బజార్లోనే మాట్లాడాడు. గడపలో నుంచి తేజస్వినికి మాటలు వినబడడం లేదు, తల ఊపడం మాత్రం కనబడుతోంది. సార్. సార్. ఔ సార్. లేదు సార్. చిన్నప్పుడు బడిలో దెబ్బలు తినేటప్పుడు కూడా వాడు ఇట్లాగే నిలబడేవాడు, చేతులు రెండూ ముందుకు కట్టుకొని. ఇప్పుడు ఒక చేతిలో ఫోన్ ఉంది గనక రెండో చేయి ఒక్కటే పొట్టకు ఆనించుకున్నాడు.

లోపలికి వచ్చి నీళ్ళు తాగాడు. చెంబెడూ తాగాడు.

"ఇంగ్లండోళ్ళు సారుకు మల్ల ఫోన్ చేసిండ్రట," అన్నాడు.

"ఏమన్నడు?"

"సంతకం నాది కాదన్నడట."

గట్టమ్మ చేతులు ఆగిపోయాయి.

"మరి నిన్న మాట్లాడింది?" అంది తేజస్విని.

"పిల్ల ఏడ్చుకుంట వచ్చింది, పేదపిల్ల, జాలిపడి ఒక మాట చెప్పిన, సంతకం మాత్రం నాది కాదు, దొంగ సంతకం, దొంగ సీలు అని చెప్పిండట. అంత రాతల పెట్టి పంపుతడట. కేసు గూడ అయితదేమో అన్నడు."

"నువ్వు చూసినవన్నా. చాయ్ తాగుకుంట పెట్టిండు. సీలు కొట్టింది నువ్వు."

"నేనే కొట్టిన."

"మరి?"

అరవింద్ అరుగు మీద కూర్చున్నాడు. ఐడీ కార్డు తాడు వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

"గదే అడిగిండు నన్ను. సీలు నీ టేబుల్ల ఉంటది గద అరవింద్ అన్నడు. నువ్వు కొట్టినవా, నీకు తెల్వకుంట మీ చెల్లె తీసుకొని కొట్టుకున్నదా, రెండిట్ల ఏదో ఒకటే ఉండాలె, ఆలోచించుకో అన్నడు. నువ్వు కొట్టినవంటే నీ మీద కేసు, ఆమె కొట్టుకున్నదంటే నీ కొలువు నీకుంటది అన్నడు. మంచిగనే మాట్లాడిండు చెల్లె. అరవలేదు. ఔనా కాదా అని అడుగుకుంట మాట్లాడిండు."

పెరట్లోంచి ఐలయ్య వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

"నిన్నేం చెయ్యమన్నడు?" అంది తేజస్విని.

"సోమవారం పొద్దున కాగితం తెచ్చియ్యమన్నడు. జరిగింది జరిగినట్టు. అంటే... ఆయన చెప్పినట్టు."

"ఇస్తవా?"

అరవింద్ అవ్వ వైపు చూశాడు, బాపు వైపు చూశాడు, మిరపకాయల వైపు చూశాడు. చెల్లె వైపు చూడలేదు. వాకిట్లో ఎండ పోయింది. కాయల మీద పట్టా కప్పాలి, ఎవరూ లేవడం లేదు.

"రాసుకరమ్మన్నడు," అన్నాడు మెల్లగా. "ఆయన రాయడట. నన్నే రాసుకరమ్మన్నడు."

"ఔ. గట్లనే అంటడు."

"ఇంగ్లీషుల ఉండాలెనట. ఆళ్ళకు గూడ పంపాలె గద." తాడు వేలికి బిగుసుకుంది. వేలి కొస తెల్లబడింది. "నాకు ఇంగ్లీషుల గంత పెద్దది రాయరాదు చెల్లె. నీకు ఎరుకే."

తేజస్విని వాని మొహం చూసింది. వాడు ఎగతాళికి అనడం లేదు. కోపంతో అనడం లేదు. హాస్టల్ దరఖాస్తు దగ్గర నుంచి కొలువు దరఖాస్తు దాకా ఇంట్లో ఏ కాగితం కావాలన్నా ఆమె దగ్గరికే వస్తాడు. అలవాటుగా వచ్చాడు, అంతే.

"జర నువ్వే రాసియ్యవా?" అన్నాడు అరవింద్.